చెప్పినవారి మాట, చెప్పనివారి మాట: సాఫ్ట్‌వేరు అభిప్రాయ సేకరణముపై ఒక విమర్శ

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనలో ఒక సామెత కలదు. నేడు సాఫ్ట్‌వేరు నిర్మించువారిలో పెక్కుమంది అనుసరించు పద్ధతి సరిగా ఈ సామెతను బట్టియే నడచుచున్నది. ఫోనులోని ఆప్ చివర ఒక చిన్న పెట్టె యుండును. అందు అయిదు నక్షత్రములుండును. వాని దిగువ “మీ అభిప్రాయము తెలుపండి” అని యుండును. తెలిపినవారి కష్టము నిర్మాతకు వినబడును. తెలుపనివారు తృప్తిగా నున్నారని అతడు తలచును. ఈ తలంపు ఎంతవరకు శాస్త్రసమ్మతమైనదో పరీక్షించుట అవసరము.

ఈ పరీక్ష సాఫ్ట్‌వేరు విషయములో మరింత ముఖ్యమగుటకు కారణము లేకపోలేదు. వంతెనను ఒకసారి కట్టిన పిమ్మట మార్చుట కష్టము. సాఫ్ట్‌వేరును నెలకొకసారి మార్చవచ్చును, వారమునకొకసారియు మార్చవచ్చును. ఏ దిక్కునకు మార్చవలెనను ప్రశ్నకు సమాధానము వాడువారినుండియే రావలెను. పడవకు చుక్కాని యెట్టిదో సాఫ్ట్‌వేరునకు వాడువారి అభిప్రాయము అట్టిది. చుక్కాని వంకరగా నున్నచో, ఎంత బలముగా తెడ్డు వేసినను పడవ తప్పుదారినే పోవును.

గట్టు మీది ఉదాహరణము

విషయము స్పష్టమగుటకు ఒక ఊహాజనితమైన ఉదాహరణము తీసికొనవచ్చును. తాడేపల్లిగూడెమున ఇంజనీరింగు చదువుచున్న కొందరు విద్యార్థులు కొల్లేటి ప్రాంతపు చేపల చెరువుల కొరకు ఒక సాఫ్ట్‌వేరును తయారు చేసిరనుకొనుడు. నీటిలో ముంచిన ఒక పరికరము కరగియున్న ప్రాణవాయువును కొలుచును. అది తగ్గినప్పుడు ఫోను మ్రోగును.

ఇది ఆటవస్తువు కాదు. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన మొక్కలు సూర్యకాంతితో ప్రాణవాయువును తయారు చేయును. రాత్రివేళ ఆ పని ఆగిపోవును. కాని చేపలు, మొక్కలు, అడుగున కుళ్ళుచున్న మేత అన్నియు ఆ వాయువును వాడుకొనుచునే యుండును. కావున తెల్లవారుటకు ముందు చెరువులో ప్రాణవాయువు అత్యల్పముగా నుండును. ముందటి పగలు మబ్బు పట్టియున్నచో ఆపద మరింత హెచ్చును. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండును. ఆ గడియలో క్రొత్త నీరు పెట్టుటయో, మోటారు వేసి నీటిని కలియబెట్టుటయో చేయకున్నచో నెలల తరబడి పెంచిన చేప ఒక్క తెల్లవారుజామున తేలిపోవచ్చును. ఫోను మ్రోగినప్పుడు లేచి పనిచేయువాడు ఉన్నాడా, లేడా అనునది ఒక కుటుంబపు ఏడాది బ్రతుకునకు సంబంధించిన ప్రశ్న.

ఇప్పుడు విద్యార్థులకు తమ సాఫ్ట్‌వేరు ఎట్లు పనిచేయుచున్నదో తెలియవలెను. ఎవరిని అడుగవలెను? సాఫ్ట్‌వేరును కొన్నవాడు చెరువు ఆసామి. అతడు ఏలూరులోనో, భీమవరములోనో, హైదరాబాదులోనో ఉండవచ్చును. చెరువు కౌలునకు తీసికొన్నవాడు వేరొకడు. గట్టు మీది గుడిసెలో రాత్రి పడుకొని, మేత వేసి, మోటారు నడపు కాపలాదారు మరియొకడు. హెచ్చరిక విని లేవవలసినవాడు ఈ మూడవవాడు. నక్షత్రములు నొక్కునది మాత్రము మొదటివాడు. అభిప్రాయ సేకరణములోని మొదటి దోషము ఇచ్చటనే ఆరంభమగుచున్నది: డబ్బిచ్చువాడు వేరు, వాడువాడు వేరు.

పశ్చిమ గోదావరి ఈ-సేవ నేర్పిన పాఠము

ఈ భేదము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. హైదరాబాదులో 2001లో ఈ-సేవ కేంద్రములు ఆరంభమయ్యెను. పిమ్మట 2002లో, ఏలూరు ముఖ్యపట్టణముగా నున్న నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో, అప్పటి కలెక్టరు సంజయ్ జాజు ఆధ్వర్యమున ఈ పద్ధతి పల్లెలకు విస్తరించెను. మండల కేంద్రములలో కంప్యూటర్లు నెలకొల్పి, వానిని నడపు బాధ్యతను స్వయం సహాయక సంఘముల మహిళలకు అప్పగించిరి. ధ్రువపత్రములు, బిల్లులు, అర్జీలు మొదలగు పనులు అచ్చట జరిగెడివి. సాంకేతిక విద్య లేని స్త్రీలు కంప్యూటరును నడపగలరని చూపిన ఈ ప్రయత్నము ప్రశంసింపదగినది.

అభిప్రాయ సేకరణ దృష్టితో చూచినచో ఇందు రెండు అంశములు గమనింపదగియున్నవి. మొదటిది, పౌరుడు కీబోర్డును ముట్టనక్కరలేదు. అతని పనిని కేంద్రములోని మహిళ చేసిపెట్టును. కావున ఆ సాఫ్ట్‌వేరునకు వాడువారు రెండు విధములు: మీటలు నొక్కునామె, ఆమె యెదుట నిలిచినవాడు. ఇరువురి ఇబ్బందులును ఒక్కటి కావు. తెలుగు అక్షరము ఎక్కడ నున్నదో దొరకకపోవుట ఆమె ఇబ్బంది. పత్రము కొరకు రెండవసారి బస్సు ఛార్జీ పెట్టుకొని రావలసివచ్చుట అతని ఇబ్బంది. ఒకరిని అడిగి ఇద్దరి సంగతియు తెలిసినదనుకొనుట పొరపాటు.

రెండవది, అర్జీకిని అభిప్రాయమునకును గల భేదము. పింఛను రాలేదని పెట్టునది అర్జీ. అర్జీ పెట్టు తెర అర్థము కాలేదని చెప్పునది అభిప్రాయము. అర్జీల సంఖ్య ప్రభుత్వముపై ప్రజలకు గల కొరతలను తెలుపునేకాని, సాఫ్ట్‌వేరులోని లోపములను తెలుపదు. తెర అర్థము కానివాడు ఆ తెర ద్వారానే ఫిర్యాదు చేయలేడు కదా! తలుపు తెరచుకొననప్పుడు ఫిర్యాదుల పెట్టెను ఇంటిలోపల పెట్టినట్లుండును.

సోమవారమునాడు కలెక్టరు కార్యాలయమున అర్జీలు స్వీకరించు ఆచారము మనకు చిరపరిచితమైనదే. ఏలూరునకు వచ్చి వరుసలో నిలిచినవారి కష్టము నిజమైనదే. కాని కొల్లేటి లంక గ్రామమునుండి ఏలూరునకు వచ్చుటకు ఒకనాటి కూలి పోవును, దారి ఖర్చు అగును. ఆ ఖర్చును భరింపగలిగినవారు మాత్రమే ఆ వరుసలో కనబడుదురు. వరుస పొడవును చూచి జిల్లా కష్టమును కొలువరాదు. ఎచ్చటనుండి ఎవరును రాలేదో దానిని కూడ చూడవలెను.

ఈ దూరమును తగ్గించు ప్రయత్నములు తరువాత చాల జరిగినవి. 2011లో మీసేవ వచ్చెను. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాట్సాప్ ద్వారా 161 సేవలతో “మన మిత్ర”ను ఆరంభించెను. బస్సు ఛార్జీ తప్పినది. ఇది గొప్ప మేలు. అయినను ఫోను అందరి చేతిలోను ఒకే విధముగా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను మొబైలు ఫోను గలవారు సగమునకు మించలేదు. ఇంటర్నెట్టును ఎన్నడైనను వాడినవారు సుమారు 21 శాతము మాత్రమే. కావున ఫోను ద్వారా వచ్చిన అభిప్రాయము “ప్రజాభిప్రాయము” అని పేరు పెట్టుకొనుటకు ముందు, ఆ ఫోను ఇంటిలో ఎవరి చేతిలో నుండునో విచారింపవలెను.

తొంబది శాతము అను మాయ

ఇప్పుడు లెక్కకు వత్తము. పై సాఫ్ట్‌వేరును 200 మంది వాడుచున్నారనుకొనుడు. అభిప్రాయము తెలుపుడని అందరిని కోరగా 40 మంది తెలిపిరి. వారిలో 36 మంది బాగున్నదనిరి. విద్యార్థులు తమ నివేదికలో “వాడువారిలో 90 శాతము సంతృప్తులు” అని వ్రాయుదురు. 40లో 36 అనగా 90 శాతమే. లెక్కలో తప్పు లేదు. తప్పు “వాడువారిలో” అను మాటలో నున్నది.

మాటాడని 160 మందిని గురించి మనకేమియు తెలియదు. వారందరును అసంతృప్తులైనచో, తృప్తి పొందినవారు 200లో 36 మంది, అనగా 18 శాతము. వారందరును తృప్తులైనచో 196 మంది, అనగా 98 శాతము. కావున చేతిలోనున్న ఆధారముతో నిజాయితీగా చెప్పదగినదంతయు ఇంతే: తృప్తి పొందినవారు 18 శాతమునకును 98 శాతమునకును మధ్య ఎచ్చటనో ఉన్నారు. ఇంత వెడల్పైన సమాధానము సమాధానమే కాదు.

ఈ గోతిలో పడినవారు చరిత్రలో ప్రసిద్ధులు. 1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్టు’ అను పత్రిక అధ్యక్ష ఎన్నిక ఫలితమును ముందుగా చెప్పుటకు సుమారు కోటి మందికి కార్డులు పంపెను. 23 లక్షలకు పైగా తిరిగి వచ్చెను. అంతటి రాశిని చూచి పత్రిక లాండన్ గెలుచునని ప్రకటించెను. గెలిచినవాడు రూజ్‌వెల్టు. ఆనాటి 48 రాష్ట్రములలో లాండన్‌కు దక్కినవి రెండే. జాబితాలను టెలిఫోను పుస్తకముల నుండియు, మోటారుకార్లు గలవారి చిట్టాల నుండియు తీసిరి. అది ఒక లోపము. కార్డు తిరిగి పంపినవారికిని పంపనివారికిని మొగ్గు వేరుగా నుండుట మరియొక లోపము. అంతకంటె ఎంతయో తక్కువ మందిని అడిగిన జార్జి గాలప్ ఫలితమును సరిగా చెప్పెను. ఎందరిని అడిగితిమను దానికంటె ఎవరిని అడిగితిమనునది ముఖ్యమని ఈ సంఘటన స్థిరపరచెను.

దీనికి మందు కలదా? కలదు. 1946లో హాన్సెన్, హర్విట్జ్ అను ఇరువురు గణాంక శాస్త్రజ్ఞులు ఒక సులువైన ఉపాయమును ప్రకటించిరి. మాటాడని వారినందరిని వెంబడింపనక్కరలేదు. వారిలోనుండి కొందరిని చీట్లు తీసి ఎన్నుకొని, వారి ఇంటికి స్వయముగా పోయి కనుగొనిన చాలును. మన ఉదాహరణములో 160 మందినుండి 30 మందిని చీట్లతో ఎన్నుకొని వారి గట్టు మీదికి పోవుదురనుకొనుడు. వారిలో 12 మంది, అనగా 40 శాతము, తృప్తులని తేలెననుకొనుడు. అప్పుడు 160లో 40 శాతము 64. ముందటి 36తో కలిపి 100. అనగా 200లో సగము. తొంబది శాతము ఏబదికి దిగినది!

ముప్పదిమందినే చూచితిమి కావున ఈ అంచనాలో కొంత ఊగిసలాట ఉండును. ఆ 40 శాతము ఇరువదింట పందొమ్మిది సార్లు సుమారు 18 శాతము అటునిటు లోపుగా నుండును. దానినిబట్టి మొత్తము తృప్తి సుమారు 36కును 64కును మధ్య నుండవచ్చును. 18నుండి 98 వరకు వ్యాపించిన అజ్ఞానము 36నుండి 64 వరకు కుదించుకొనిపోయినది. దీనికైన ఖర్చు ముప్పది ప్రయాణములు.

“బాగానే ఉందండి”

చీట్లు సరిగా తీసినను, అడుగు విధము తప్పైనచో ఫలితము తప్పే. టెలిఫోను మ్రోగి, యంత్రస్వరము “సంతృప్తిగా ఉన్నచో ఒకటి నొక్కండి, లేనిచో రెండు నొక్కండి” అని పలుకును. ప్రభుత్వ సేవలపై ఈ విధమైన సర్వేలు మన రాష్ట్రమున పెక్కుసార్లు జరిగినవి. తక్కువ ఖర్చుతో వేలమందిని చేరగలుగుట వీని గుణము. కాని భాష సంగతి చూడుడు. గోదావరి మండలములలో ఎవరినైనను “ఎలా ఉందండి?” అని అడిగినచో, మర్యాదకు మొదట వచ్చు మాట “బాగానే ఉందండి.” “బాగుందండి” వేరు, “బాగానే ఉందండి” వేరు, “ఫరవాలేదండి” వేరు. ఆ “నే” అను ఒక్క అక్షరములో సగము ఫిర్యాదు దాగియున్నదని వినువారికి తెలియును. యంత్రమునకు మూడును ఒకటవ మీటయే.

అంతేకాక, మనదేశమున ఎదుటివాని మనస్సు నొప్పించుటకు మనుష్యులు సంకోచింతురు. సాఫ్ట్‌వేరు తయారుచేసిన విద్యార్థియే వచ్చి అడిగినచో, గట్టు మీది మనిషి “బాబుగారూ, ఇది పనికిరాదండి” అని చెప్పునా? చెప్పడు. టీ ఇచ్చి, బాగున్నదని చెప్పి పంపును. కావున తయారుచేసినవాడు స్వయముగా తీర్పు అడుగరాదు. అడిగినను, అభిప్రాయమును కాక జరిగిన పనిని అడుగవలెను. “హెచ్చరిక ఉపయోగకరమా?” అనునది చెడ్డ ప్రశ్న. “మొన్న రాత్రి ఫోను మ్రోగినప్పుడు ఏమి చేసితిరి? తరువాత ఏమి జరిగినది?” అనునది మంచి ప్రశ్న. మొదటిదానికి మర్యాద సమాధానము చెప్పును. రెండవదానికి జ్ఞాపకము సమాధానము చెప్పును.

ఒకే ప్రశ్నలో రెండు విషయములను కలుపుట మరియొక దోషము. “హెచ్చరిక త్వరగా, స్పష్టముగా వచ్చుచున్నదా?” అని అడిగి “లేదు” అను జవాబు పొందినచో, త్వరగా రాలేదో, స్పష్టముగా లేదో తెలియదు.

భయము గల చోట నిజము

కొల్లేటి ప్రాంతమున మరియొక చిక్కు కలదు. 1999లో అయిదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల రాంసార్ జాబితాలో చేరెను. 2005-06లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించిరి. ఇట్టి చోట “మీ చెరువు ఎచ్చట? ఎన్ని ఎకరములు? సర్వే నంబరు ఎంత?” అని ఆరంభమగు ఫారము చేతికిచ్చినచో, కాంటూరు లోపలివాడే కాదు, వెలుపలివాడును సందేహించును. కొందరు వ్రాయరు. కొందరు తప్పు వ్రాయుదురు. సాఫ్ట్‌వేరు బాగోగులు తెలిసికొనుటకు సర్వే నంబరుతో పని లేదు. పనిలేని ప్రశ్న అడుగుట మర్యాదకే కాదు, శాస్త్రమునకును విరుద్ధము. ఎంత తక్కువ అడిగిన అంత నిజము వచ్చును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును పని కొరకు అవసరమైనంత సమాచారమే గ్రహింపవలెనను నియమమును అంగీకరించుచున్నది.

కాపలాదారుకు గల భయము ఇంకొకటి. “హెచ్చరిక మ్రోగినను లేవక పడుకొన్న రాత్రి ఉన్నదా?” అని అడుగవలసియున్నది. ఉన్నదని చెప్పినచో ఆ మాట ఆసామికి చేరునేమో, పని పోవునేమో! ఇచ్చట గణాంక శాస్త్రములో ఒక ముచ్చటైన ఉపాయము కలదు. 1965లో స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన భావమునుండి పుట్టినది. అడుగువానికి కనబడకుండ కాపలాదారు ఒక నాణెమును ఎగురవేయును. బొమ్మ పడినచో, నిజముతో నిమిత్తము లేకుండ “అవును” అనవలెను. బొరుసు పడినచో నిజము చెప్పవలెను. ఇప్పుడు ఎవరైనను “అవును” అనినచో, అది నాణెము చెప్పించినదో, నిజము చెప్పించినదో అడుగువానికి తెలియదు. చెప్పినవానికి ముప్పు లేదు.

అయినను మొత్తము లెక్క తెలియును. 100 మందిని అడుగగా 62 మంది “అవును” అనిరనుకొనుడు. వారిలో సుమారు 50 మంది నాణెము వలన అనినవారు. మిగిలిన 12 మంది బొరుసు పడిన సుమారు 50 మందిలోనివారు. 50లో 12 అనగా 24 శాతము. ఇంచుమించు నలుగురిలో ఒకరు ఏదో ఒక రాత్రి లేవలేదు. బొమ్మలు సరిగా ఏబదియే పడవు కావున, సూటిగా అడిగినదానికంటె ఈ పద్ధతిలో ఎక్కువమందిని అడుగవలసియుండును. నిజము దక్కినందుకు ఆ ఖర్చు న్యాయమైనదే.

అడుగక తెలిసికొనుట

కొన్ని ఇబ్బందులను ఏ ప్రశ్నయు బయటకు తీయలేదు. వానిని చూడవలెను. తవుడు సంచులను త్రాళ్ళకు కట్టి వచ్చిన మనిషి తడి చేతితో ఫోను తాకును. ఫోను తెర వ్రేలి వలన తనపైనున్న విద్యుత్ క్షేత్రములో కలుగు మార్పును గుర్తించి పనిచేయును. నీటిబొట్టు కూడ ఆ క్షేత్రమును మార్చును గనుక, తెర వ్రేలిని సరిగా గుర్తింపలేదు. అతడు రెండుసార్లు ప్రయత్నించి, ఫోనును లుంగీలో దోపుకొని, నీటి రంగును చూచుటకు పోవును. మోటారు చప్పుడులో హెచ్చరిక వినబడదు. మధ్యాహ్నపుటెండలో అక్షరములు కనబడవు. ఇవి ఎవరును ఫారములో వ్రాయరు. అది తమ తప్పే అనుకొందురు. గట్టు మీద ఒక పూట కూర్చున్నవానికి మూడును కనబడును.

ఎందరిని ఇట్లు చూచిన చాలును? 1993లో నీల్సన్, లాండవర్ అనువారు ఒక సూత్రమును ప్రకటించిరి. ఒక ఇబ్బంది ఒక మనిషికి ఎదురగు సంభావ్యత ‘స’ అయినచో, ‘న’ మందిని చూచినప్పుడు అది కనబడు సంభావ్యత 1 – (1 – స)ⁿ, ఇచ్చట పైనున్న ఘాతము ‘న’. వారు పరిశీలించిన పనులలో ‘స’ సగటున 0.31. అయిదుగురిని చూచినచో 1 – (0.69)⁵, అనగా సుమారు 84 శాతము ఇబ్బందులు బయటపడును. “అయిదుగురు చాలును” అను నానుడి దీనినుండియే ప్రచారములోనికి వచ్చినది.

ఈ నానుడిని గ్రుడ్డిగా నమ్మరాదు. 0.31 అనునది సగటు మాత్రమే. పదిమందిలో ఒకరికి ఎదురగు ఇబ్బందిని అయిదుగురిలో చూచు అవకాశము 41 శాతమే. దానిని 90 శాతము అవకాశముతో చూడవలెనన్నచో 22 మంది కావలెను. అయిదుగురును ఏలూరు ఆసాములైనచో, అయిదుగురు కాదు, ఏబదిమందియైనను తడిచేతి సంగతి చెప్పలేరు. కావున అయిదుగురు ఆసాములు, అయిదుగురు కౌలుదారులు, అయిదుగురు కాపలాదారులు అని విడివిడిగా లెక్కింపవలెను. కాలమును కూడ విడదీయవలెను. వేసవి పగటివేళ చూచి వచ్చినవానికి, బుడమేరు, తమ్మిలేరు పొంగి, మబ్బు పట్టి, కరెంటు పోయిన వర్షాకాలపు రాత్రి ఆ సాఫ్ట్‌వేరు ఏమి చేయునో తెలియదు. అది పనిచేయవలసినది ఆ రాత్రియే.

అడుగక తెలిసికొను పద్ధతికి మన ప్రాంతములోనే మంచి నిదర్శనము కలదు. 2004లో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, మీడియా ల్యాబ్ ఏషియాతో కలిసి ‘ఈ-సాగు’ అను పథకమును ఆరంభించెను. దీనికి ప్రధాన పరిశోధకుడు ఆచార్య పి. కృష్ణారెడ్డి. నాటి వరంగల్లు జిల్లాలో వేయికి పైగా ప్రత్తి చేలు దీనిలో చేరినవి. చదువుకొన్న గ్రామస్థులైన సమన్వయకర్తలు క్రమము తప్పక ప్రతి చేనికిని పోయి ఫోటోలు తీసిరి. అప్పటి ఇంటర్నెట్టు చాలనందున ఫోటోలను సీడీలలో కొరియరు ద్వారా హైదరాబాదునకు పంపిరి. వ్యవసాయ నిపుణులు వానిని చూచి సలహాలు వ్రాసిరి. ఫోటోలు కొరియరులో వెళ్ళగా, అక్షరములు టెలిఫోను తీగపై తిరిగి వచ్చినవి. ఉన్న సాధనములతోనే పని నడపిన ఈ వివేకము మెచ్చదగినది.

అభిప్రాయ సేకరణ దృష్టితో దీనిలోని గొప్ప గుణమొక్కటే: రైతు ఫిర్యాదు చేయువరకు ఆగలేదు. మాటాడువాని చేనికిని, మాటాడనివాని చేనికిని ఒకే విధముగా పోయిరి. మౌనముగా ఎండిపోవు చేను కూడ ఫోటోలో పడును.

కాని ఒక సందేహము అడుగక తప్పదు. సలహాను తీసికొనిపోవు మనిషియే, ఆ సలహా ఎట్లు పనిచేసినదో తిరిగివచ్చి చెప్పుచున్నచో, చూపులో తెలియకయే పక్షపాతము చేరవచ్చును. దీనికి మందు కనిపెట్టినవాడు భారతీయుడే. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, బెంగాలులో జనుము పంట సర్వేల కాలమున ఒక పద్ధతిని రూపొందించెను. ఒకే ప్రాంతమునుండి రెండు నమూనాలను విడివిడిగా ఎన్నుకొని, ఒకదానిని ఒక జట్టునకు, రెండవదానిని వేరొక జట్టునకు అప్పగింపవలెను. రెండు జట్ల ఫలితములు దగ్గరగా నున్నచో నమ్మకము పెరుగును. దూరముగా నున్నచో, తేడా చేలలో కాదు, చూచినవారిలో నున్నదని అనుమానింపవలెను. మన చెరువుల విషయములో తయారుచేసినవారి జట్టు ఒకటి, సాఫ్ట్‌వేరుతో సంబంధము లేని జట్టు మరియొకటి పంపుట కష్టము కాదు.

యంత్రము వ్రాయు దినచర్య

సాఫ్ట్‌వేరు తానే అన్నియు లిఖించుచుండగా మనుష్యులను అడుగుట ఎందుకని కొందరి వాదము. ఏ మీట ఎప్పుడు నొక్కిరో, హెచ్చరికను ఎన్ని నిమిషములకు ఆపిరో సాఫ్ట్‌వేరు వ్రాసికొనును. ఇందు మర్యాదకు గాని భయమునకు గాని చోటు లేదు. వాదములో బలము కలదు. కాని దినచర్య “ఏమి జరిగినది” అని చెప్పును, “ఎందుకు జరిగినది” అని చెప్పదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు హెచ్చరిక మ్రోగిన అయిదు సెకన్లలో ఆపివేయబడెను. మనిషి వెంటనే లేచెనా? నిద్రలో విసుగుతో నొక్కెనా? గీత ఒక్కటే, కథలు రెండు. ఆపిన తరువాత నీటిలో ప్రాణవాయువు పెరిగినదా లేదా అను కొలతను జోడించినచో కొంత తెలియును. మిగిలినది గట్టు మీదికి పోయి అడుగవలసినదే. పైగా ఈ దినచర్య వ్రాయబడుచున్నదని కాపలాదారుకు ముందుగా చెప్పి, అతని అంగీకారము పొందవలెను. చెప్పక వ్రాయుట అభిప్రాయ సేకరణము కాదు, నిఘా.

ఏది ముందు, ఏది వెనుక

పై విమర్శ వలన నక్షత్రములు, టెలిఫోను ప్రశ్నలు, ఫారములు పనికిరావని తాత్పర్యము కాదు. ప్రతి సాధనమునకు తగిన పని కలదు. ఇబ్బందులు ఏవో తెలియని మొదటి దశలో కొద్దిమంది దగ్గర కూర్చుండి చూడవలెను. ఇబ్బందులు తెలిసిన పిమ్మట, అవి ఎందరికి ఉన్నవో లెక్కించుటకు చీట్లతో ఎన్నుకొన్నవారిని ప్రశ్నింపవలెను. మార్పు చేసిన పిమ్మట, అది పనిచేసినదో లేదో చూచుటకు యంత్రపు దినచర్యను చదువవలెను. ఫిర్యాదుల పెట్టె ఎల్లప్పుడును తెరచియుండవలెను. కాని అందుండి వచ్చినది మంటను చూపు పొగయే కాని, మంట ఎంత పెద్దదో కొలుచు కొలబద్ద కాదు. నేడు జరుగుచున్న పొరపాటు, అన్నిటికంటె సులువైన సాధనమును అన్ని పనులకును వాడుట.

ఈ విషయమును ఉన్నత పాఠశాలలో పరీక్షించుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. గ్రంథాలయపు వేళలు అనుకూలముగా నున్నవా అను ఒక్క ప్రశ్నను ఉపాధ్యాయుడు గోడపై అంటించి, ఇష్టమైనవారు పెట్టెలో చీటీ వేయవలెనని చెప్పవచ్చును. వారము తరువాత హాజరుపట్టీనుండి ముప్పది పేర్లు చీట్లు తీసి, వారిని విద్యార్థుల జట్టొకటి విడిగా కలిసి, “పోయిన వారము గ్రంథాలయమునకు ఎన్నిసార్లు పోయితివి? పోకున్నచో ఎందుకు పోలేదు?” అని అడుగవచ్చును. రెండు ఫలితములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, పెట్టెలో చీటీ వేయనివారు ఎవరో, ఎందుకు వేయలేదో తరగతిలో చర్చింపవచ్చును. బస్సుకు పరుగెత్తు దూరపు ఊరి పిల్లలు పెట్టెలో కనబడక, చీట్లలో కనబడవచ్చును.

అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత నిజమే కావచ్చును. కాని మాటలు రాని బిడ్డకు ఆకలైనప్పుడు అమ్మ నక్షత్రముల కొరకు చూడదు, ముఖమును చూచును. సాఫ్ట్‌వేరు నిర్మించువారు నేర్వవలసిన విద్య ఇదియే. అడిగినవానికి జవాబు చెప్పుట సులభము. అడుగనివానిని జాబితాలో వెదకి, చీటీ తీసి, అతని గట్టు మీదికి తెల్లవారుజామున పోవుట కష్టము. చెరువులోని చేప బ్రతుకుట ఆ కష్టముపై ఆధారపడియున్నది.